కెమెరా కడుపులో ఏ రీలు?

డిజిటల్ కెమెరాలు రాకముందు మార్కాపురంలోనైనా, కంభంలోనైనా, గిద్దలూరులోనైనా పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు రీళ్ల లెక్క పెద్ద పని. కలర్ ఖరీదుగా ఉన్న రోజుల్లో ఒక కెమెరాలో కలర్ రీలు, ఇంకోదాంట్లో బ్లాక్ అండ్ వైట్ రీలు పెట్టుకుని వెళ్లేవారు. మూత వేశాక రెండు కెమెరాలూ ఒకేలా కనిపిస్తాయి. జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టడం అయింది. మధ్యలో ఒక రీలు అయిపోతే సన్నాయి హోరులో తొందరతొందరగా ఇంకోటి ఎక్కించారు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి ఫొటోగ్రాఫరుకు ఒక్క సందేహం వస్తే చాలు, చెయ్యి ఆగిపోతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న కెమెరాలో ఏ రీలు ఉంది?

మూత తీసి చూసుకోవడానికి వీల్లేదు. తీస్తే లోపలి ఫిల్మ్ మీద వెలుతురు పడి, అప్పటిదాకా తీసినవి పోతాయి. తాళి మళ్లీ కట్టించలేం.

చూడటానికి చిన్న ఇబ్బందే. దీనికి జవాబు వెతుకుతూ కెమెరా కంపెనీలు వందేళ్లపాటు ఎర్రద్దాల కిటికీలు, గుర్తు చక్రాలు, లోహపు గళ్ల సంకేతాలు కనిపెడుతూ వచ్చాయి. వాటిని వరసగా చూస్తే ఒక సూత్రం తేటపడుతుంది. విప్పి చూడలేని వస్తువు గురించిన సమాచారం ఆ వస్తువును అంటిపెట్టుకునే ఉండాలి. వేరేచోట ఉంచితే ఏదో ఒక రోజు రెండూ విడిపోతాయి. స్టూడియోలో ఎంత నిజమో, నల్లమలలో పులులను లెక్కపెట్టేచోట కూడా ఇది అంతే నిజం.

కంటికి ఆనని బొమ్మ

అసలు మూత తీసి చూసినా ఫిల్మ్ మీద బొమ్మ కనిపిస్తుందా? కనిపించదు. ఫిల్మ్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి బ్రోమైడ్ వంటి లవణాల స్ఫటికాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్కోటి సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు, లేదా అంతకంటే చిన్నది. షట్టరు తెరుచుకున్న క్షణంలో కాంతి తగిలితే స్ఫటికంలో కొన్ని ఎలక్ట్రాన్లు విడివడతాయి. స్ఫటికంలో లోపం ఉన్న చోట అవి చిక్కుకుంటాయి. అక్కడికి జరిగివచ్చిన వెండి అయాన్లు ఆ ఎలక్ట్రాన్లను అందుకుని వెండి పరమాణువులవుతాయి. ఒకేచోట నాలుగు పరమాణువులు పోగైతే చాలు, ఆ స్ఫటికం వెలుతురు చూసిందని లెక్క. ఇది ఎలా జరుగుతుందో 1938లో రొనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

నాలుగు పరమాణువులు ఏ కంటికీ ఆనవు. అందుకే ఫొటోలు తీసేసిన రీలు, తీయని రీలు పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. కడిగేటప్పుడు డెవలపర్ రసాయనం ఆ నాలుగు పరమాణువులను ఆధారం చేసుకుని స్ఫటికం మొత్తాన్ని వెండిగా మార్చేస్తుంది. దాదాపు వంద కోట్ల రెట్ల పెంపకం అది. అప్పుడే బొమ్మ బయటపడుతుంది.

ఇలా దాగిన బొమ్మ ఎన్నేళ్లు నిలుస్తుంది? 1897లో సాలమన్ ఆండ్రే అనే స్వీడన్ ఇంజినీరు మరో ఇద్దరితో కలిసి హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. ముగ్గురూ తిరిగి రాలేదు. 33 ఏళ్ల తర్వాత, 1930లో, క్విటోయా అనే మంచు దీవిలో వారి అవశేషాలతోపాటు కెమెరా, ఫిల్ములు దొరికాయి. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బెర్గ్ వాటిని ఓపికగా కడిగితే 93 ఫొటోలు దక్కాయి. మంచుమీద కూలిన బెలూన్ పక్కన మనుషులు నిలబడి ఉన్న బొమ్మ అందులో ఉంది.

అది ధ్రువప్రాంతపు చలి. మార్కాపురం వేసవి వేరు. సాధారణ ఫిల్మును 21 డిగ్రీలు దాటని చోట ఉంచమని తయారీదారులు చెబుతారు. ఇక్కడ మే నెల మధ్యాహ్నాలు 44, 45 డిగ్రీలకు చేరతాయి. వేడికి ఆ నాలుగు పరమాణువుల గుంపులు చెదిరి బొమ్మ పలచబడుతుంది. వెలుతురు తగలని స్ఫటికాలు సైతం తగిలినట్టు ప్రవర్తించి ఫిల్మంతా మసకబారుతుంది. కాబట్టి కెమెరాలో ఏ రీలు ఉందో తెలిస్తే సరిపోదు, అది ఎప్పుడు ఎక్కించిందో కూడా తెలియాలి.

తెలియకపోతే పోయేదేమిటి

మొదట పోయేది వెలుతురు లెక్క. ప్రతి ఫిల్ముకూ వేగం ఉంటుంది. దాన్ని ఐఎస్‌ఓ అంకెతో చెబుతారు. పాతకాలం వాళ్లు ఏఎస్‌ఏ అనేవారు. అంకె రెట్టింపైతే కావలసిన వెలుతురు సగమవుతుంది. మంచి ఎండలో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి గోపురాన్ని 100 వేగం ఫిల్ముతో తీయాలంటే, లెన్సు రంధ్రాన్ని 16 దగ్గర పెట్టి షట్టరును సెకనులో సుమారు నూరో వంతు తెరవాలి. లోపల 400 ఫిల్మ్ ఉందనుకుని తీస్తే షట్టరు సెకనులో నాలుగువందలో వంతే తెరుచుకుంటుంది. ఫిల్ముకు అందేది పావు వెలుతురు. నెగెటివ్ పలచగా వస్తుంది, గోపురం నీడల్లోని శిల్పాలు పోతాయి. అదే లోపల 400 ఉండి, 100 అనుకుని తీస్తే నాలుగు రెట్లు వెలుతురు ఎక్కువ పడుతుంది. కలర్ నెగెటివ్ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. స్లైడ్ ఫిల్మ్ మాత్రం తెల్లగా పాలిపోతుంది. అందుకే ఏ రీలో బొత్తిగా గుర్తులేనప్పుడు, అది నెగెటివే అని నమ్మకం ఉంటే, తక్కువ వేగం అనుకుని వెలుతురు ఎక్కువ ఇవ్వడమే మేలు.

రెండోది రంగు. పగటి వెలుతురు కోసం చేసిన ఫిల్మ్ 5500 కెల్విన్ దగ్గర తెలుపును తెలుపుగా చూపిస్తుంది. బల్బుల వెలుతురు కోసం చేసిన ఫిల్మ్ 3200 కెల్విన్‌కు సరిపోతుంది. పగటి ఫిల్ముతో బల్బుల కింద తీస్తే ముఖాలు నారింజ రంగులో వస్తాయి. బల్బుల ఫిల్ముతో ఎండలో తీస్తే నీలంగా వస్తాయి.

మూడోది అన్నింటికంటే పెద్దది, కడిగే పద్ధతి. కలర్ నెగెటివ్‌లను కడిగే సీ-41 అనే పద్ధతిని కోడాక్ 1972లో తెచ్చింది. అందులో డెవలపర్ తర్వాత బ్లీచ్, ఫిక్సర్ వస్తాయి. కలర్ ఫిల్ములో వెండితోపాటు రంగులు కూడా ఏర్పడతాయి కనుక, రంగులను ఉంచి వెండినంతా తీసేయడం ఆ రెంటి పని. ఇప్పుడు మామూలు బ్లాక్ అండ్ వైట్ రీలు ఒకటి పొరపాటున ఆ మెషీన్‌లోకి వెళ్లిందనుకుందాం. డెవలపర్‌లో వెండి బొమ్మ చక్కగానే వస్తుంది. రంగులు పుట్టించే పదార్థం ఆ ఫిల్ములో లేదు. తర్వాత బ్లీచ్ ఆ వెండిని తిరిగి లవణంగా మారుస్తుంది, ఫిక్సర్ ఆ లవణాన్ని కరిగించేస్తుంది. అవతలి నుంచి బయటికి వచ్చేది నీళ్లలాంటి ఖాళీ పట్టీ. మీద ఒక్క గీత కూడా ఉండదు. ఏ రసాయనమూ దాన్ని వెనక్కి తేలేదు. సీ-41లో కడిగేందుకే చేసిన ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 వంటివి తప్ప, బ్లాక్ అండ్ వైట్ రీళ్లన్నింటికీ అక్కడ ఇదే గతి. కలర్ రీలును బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో వేస్తే కనీసం నారింజరంగు పట్టీ మీద నలుపు తెలుపు బొమ్మ మిగులుతుంది, రంగులు మాత్రం రావు.

ఈ మూడూ కాక ఇంకో ప్రమాదం ఉంది. తీసేసిన రీలునే కొత్తదనుకుని మళ్లీ ఎక్కిస్తే ఒక పెళ్లి మీద ఇంకో పెళ్లి పడుతుంది.

ఎర్ర కిటికీ నుంచి గుర్తు చక్రం దాకా

1901లో కోడాక్ తన బ్రౌనీ కెమెరా కోసం తెచ్చిన 120 రీలులో ఫిల్మ్ వెనకాల దాని పొడవునా కాగితం ఉంటుంది. ఆ కాగితం మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి. కెమెరా వెనక చిన్న ఎర్రద్దం కిటికీలోంచి ఆ అంకె కనిపించేదాకా రీలు తిప్పాలి. అప్పటి ఫిల్ములు చాలావరకు ఎరుపును గుర్తించేవి కావు కనుక ఎర్రద్దం గుండా వచ్చే వెలుతురుతో ప్రమాదం ఉండేది కాదు. మన దేశంలో ఎన్నో ఇళ్లలో కనిపించిన ఆగ్ఫా క్లిక్-3 ఈ రకం రీలుతోనే పనిచేసింది. ఒక రీలుకు 12 చదరపు బొమ్మలు. రీలు ఉందా లేదా, ఎన్నో బొమ్మ దగ్గరుంది అనే రెండు ప్రశ్నలకూ ఆ కిటికీయే జవాబు. కొన్ని కంపెనీలు ఫిల్మ్ పేరు కూడా కాగితం మీద అచ్చువేసేవి, అప్పుడు మూడో ప్రశ్నకూ జవాబు దొరికేది. అన్నీ తీశాక ఆ కాగితమే ఫిల్ము చుట్టూ చుట్టుకుంటుంది. చివర్న అంటించే పట్టీ మీద ఇది తీసేసిన రీలని రాసి ఉంటుంది. సమాచారమంతా రీలు ఒంటిమీదే ఉన్న ఏర్పాటు ఇది.

1934లో కోడాక్ రెటీనా కెమెరాతోపాటు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ముందే చుట్టిన డబ్బీలో వచ్చింది. వెనక కాగితం లేదు, కిటికీ లేదు. ఒక్క డబ్బీలో 36 బొమ్మలు పట్టడం గొప్ప సౌకర్యం. కెమెరా మూత పడ్డాక మాత్రం లోపలి సంగతి బయటికి తెలిసే దారి మూసుకుపోయింది. తర్వాత యాభై ఏళ్లు కెమెరా తయారీదారులు ఆ దారి తెరిచేందుకే తంటాలు పడ్డారు.

వాళ్ల మొదటి ఉపాయం గుర్తు చక్రం. 1954 నాటి లైకా ఎం3 వెనక తలుపు మీద అలాంటి చక్రం ఉంది. 1959 నాటి నికాన్ ఎఫ్‌కు కింది పలక మీద ఉంది. రీలు ఎక్కించినప్పుడు దాన్ని తిప్పి ఫిల్మ్ వేగం దగ్గర పెట్టాలి. చాలా కెమెరాల్లో పక్కనే సూర్యుడి బొమ్మ, బల్బు బొమ్మ, బ్లాక్ అండ్ వైట్ గుర్తు ఉండేవి. ఈ చక్రానికీ కెమెరా లోపలి యంత్రానికీ ఏ సంబంధమూ లేదు. ఏ అంకె దగ్గర పెట్టినా ఫొటో మారదు. అది చెప్పేది లోపల ఏముందని కాదు, చివరిసారి మనిషి ఏమనుకున్నాడని. రీలు మార్చి చక్రం తిప్పడం మరిచిపోతే ఆ గుర్తే తప్పుదారి పట్టిస్తుంది.

రెండో ఉపాయం ఇంకా సులువైనది. 1970ల నుంచి చాలా కెమెరాల వెనక తలుపు మీద చిన్న లోహపు చట్రం వచ్చింది. ఫిల్మ్ డబ్బా మూత చింపి ఆ అట్టముక్కను అందులో దోపాలి. పేరు, వేగం, ఎన్ని బొమ్మలు అన్నీ దాని మీదే అచ్చై ఉంటాయి. చట్రం లేని కెమెరాకు ఆ ముక్కనే టేపుతో అంటించుకోవచ్చు. ఉదకమండలంలో ప్రభుత్వరంగ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు బ్లాక్ అండ్ వైట్ రీలుదైనా, విదేశీ కలర్ రీలుదైనా, ఆ అట్టముక్క రీలు పక్కనే పుట్టింది కనుక జ్ఞాపకం కంటే నమ్మదగింది.

లోపల రీలు అసలు ఉందా లేదా అన్నది చేతి స్పర్శతోనే తెలుసుకోవచ్చు. రీలును వెనక్కి చుట్టే పిడిని నెమ్మదిగా తిప్పితే బిగువు తగలాలి. తర్వాత బొమ్మ కోసం లివర్ లాగినప్పుడు ఆ పిడి తనంతట తాను తిరగాలి. తిరగడం లేదంటే ఫిల్మ్ పళ్లకు పట్టలేదన్నమాట. అలాగే వెనక్కి చుట్టేటప్పుడు ఫిల్మ్ కొసను డబ్బీలోకి పూర్తిగా పోనిస్తే తీసేసిన రీలు మళ్లీ ఎక్కించే వీలే ఉండదు. సగం తీసిన రీలును బయటికి తీయాల్సివస్తే మాత్రం కొసను బయటే ఉంచి, ఎన్నో బొమ్మ దగ్గర ఆగిందో దాని మీద రాయాలి. మళ్లీ ఎక్కించాక లెన్సుకు మూత పెట్టి, ఆ అంకె దాటి ఒకటి రెండు బొమ్మలు ఎక్కువగానే ఉత్తుత్తిగా నొక్కుకుంటూ పోవాలి.

డబ్బీ మీది గళ్లు చదవడం

1983లో కోడాక్ డీఎక్స్ అనే సంకేతం ప్రవేశపెట్టింది. మనిషి మరిచిపోయినా కెమెరా తానే చదువుకునే గుర్తు ఇది. పాత కలర్ రీలు డబ్బీ ఒకటి ఎక్కడైనా దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. ఒక పక్కన రెండు వరసల్లో ఆరేసి గళ్లుంటాయి. కొన్ని మెరుస్తాయి, కొన్ని నల్లగా ఉంటాయి. మెరిసేది డబ్బీ లోహమే, దాని గుండా కరెంటు పారుతుంది. నల్లనిది రంగు పూత, పారదు. కెమెరా లోపల స్ప్రింగు మొనలు ఈ గళ్లకు ఆనుకుని ఏది పారుతుందో, ఏది పారదో చూస్తాయి.

రెండు వరసల్లోనూ మొదటి గడి ఎప్పుడూ మెరిసేదే, కరెంటు అక్కడి నుంచి మొదలవుతుంది. మొదటి వరసలో మిగిలిన ఐదు గళ్లు ఫిల్మ్ వేగాన్ని చెబుతాయి. అందులో తొలి మూడింటిని ఒకటి, రెండు, నాలుగు కిలోల తూకపురాళ్లనుకోండి. ఆ మూడు రాళ్లతో సున్నా నుంచి ఏడు దాకా ఏ తూకమైనా తూచవచ్చు. మెరిసే గడి అంటే ఆ రాయి తక్కెడలో ఉన్నట్టు. మొత్తం ఎంత వస్తే 25ను అన్నిసార్లు రెట్టింపు చేయాలి. రెండో రాయి ఒక్కటే ఉంటే మొత్తం రెండు, అంటే 25, 50, 100. ఆ డబ్బీలోది 100 వేగం ఫిల్మ్. మొదటిది, రెండోది కలిసి మెరిస్తే మూడు, అది 200. మూడోది ఒక్కటే మెరిస్తే నాలుగు, అది 400. మూడూ మెరిస్తే ఏడు, అది 3200. మిగిలిన రెండు గళ్లు మధ్య అంకెల కోసం. వాటిలో మొదటిది మాత్రమే మెరిస్తే వచ్చిన అంకె అలాగే ఉంటుంది. రెండోది మాత్రమే మెరిస్తే 100 కాస్తా 125 అవుతుంది. రెండూ మెరిస్తే 160. ఎనిమిది మెట్లు, మెట్టుకు మూడు చొప్పున 25 నుంచి 5000 దాకా 24 వేగాలు ఐదు గళ్లలో ఇమిడిపోయాయి. కంప్యూటర్లు లెక్కలు చేసే ద్విసంఖ్యా పద్ధతే ఇది. ఎందరో తెలియకుండానే దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరిగారు. రెండో వరసలో మూడు గళ్లు ఎన్ని బొమ్మలో చెబుతాయి. చివరి రెండు ఆ ఫిల్మ్ వెలుతురు తప్పులను ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతాయి.

ఇంత తెలివైన ఏర్పాటుకూ హద్దులున్నాయి. చౌక కెమెరాలు కొన్ని ఒకటి రెండు గళ్లనే చదివి మిగతావి వదిలేసేవి. పైగా గళ్లు వేగం చెబుతాయి కానీ పేరు చెప్పవు. 400 కలర్, 400 బ్లాక్ అండ్ వైట్ కెమెరాకు ఒకటే. అందుకే దాదాపు అదే కాలంలో వెనక తలుపులో సన్నని కిటికీ వచ్చింది. దాంట్లోంచి డబ్బీ మీది పేరును మనిషి చదువుకోవాలి. ఖర్చు కలిసివచ్చేందుకు వంద అడుగుల ఫిల్మ్ డబ్బా కొని, చీకట్లో కత్తిరించి, పాత డబ్బీల్లో చుట్టుకుంటే 36 బొమ్మల రీళ్లు 18 దాకా వస్తాయి. అప్పుడు డబ్బీ మీది గళ్లు చెప్పేది పాత ఫిల్మ్ సంగతి, లోపలున్నది వేరు. గుర్తు డబ్బీ మీద ఉంది, ఫిల్మ్ మీద లేదు. రెండూ విడిపోతే గుర్తు అబద్ధమైపోతుంది.

ఫిల్మ్ మీదే ఉండే గుర్తు ఒకటుంది. కర్మాగారంలోనే ఫిల్మ్ అంచున, పళ్ల రంధ్రాల వెంట, దాని పేరు, బొమ్మల అంకెలు, గీతల సంకేతం వెలుతురుతో ముద్రిస్తారు. అది దాగిన బొమ్మలాంటిదే, కడిగాకే బయటపడుతుంది. ప్రింటు వేసే మెషీన్‌కు అది చాలా ఉపయోగం. ఎలా కడగాలో తేల్చుకోవడానికి మాత్రం అప్పటికి ఆలస్యమైపోతుంది. 1996లో వచ్చిన ఏపీఎస్ డబ్బీ ఈ లోటును పూడ్చింది. దాని అడుగున నాలుగు గుర్తులున్నాయి. నిండు వృత్తం కొత్త రీలుకు, అర్ధవృత్తం సగం తీసినదానికి, ఇంటూ గుర్తు అంతా తీసేసినదానికి, చతురస్రం కడిగేసినదానికి. రీలు తన సంగతి తానే చెప్పింది. అప్పటికి డిజిటల్ గుమ్మంలోకి వచ్చేసింది. ఏపీఎస్ ఎక్కువకాలం నిలవలేదు.

పలకను ఫొటో తీయడం

రీలు పేరు రీలు మీదే రాయడానికి అన్నింటికంటే నమ్మకమైన దారి సినిమావాళ్లకు మొదటినుంచీ తెలుసు. సినిమా కెమెరాకు వెయ్యి అడుగుల ఫిల్మ్ 11 నిమిషాలకే అయిపోతుంది. నాలుగొందల అడుగులైతే నాలుగున్నర నిమిషాలే. అసిస్టెంటు చీకటి సంచిలో చేతులు దూర్చి, తడుముకుంటూ ఫిల్మును మ్యాగజైన్ అనే ఫిల్మ్ పెట్టెలోకి ఎక్కిస్తాడు. ఎక్కించగానే పక్కన టేపు అంటించి ఏ ఫిల్మ్, ఎన్ని అడుగులు, ఎన్నో రోలు, ఏ తేదీ అని రాస్తాడు. కోడాక్ 5219 అంటే బల్బుల వెలుతురుకు 500 వేగం ఫిల్మ్. 5207 అంటే పగటి వెలుతురుకు 250 వేగం ఫిల్మ్. రెండూ మారిపోతే రోజంతా తీసినదాని రంగు మారిపోతుంది.

టేపు ఊడిపోవచ్చు. షాటు మొదట్లో క్లాప్ బోర్డు చూపించేది అందుకు కూడా. చప్పుడు కొట్టడం శబ్దాన్ని బొమ్మతో కలపడానికైతే, బోర్డు మీద రాసిన సీను, షాటు, టేకు, రోలు నంబర్లు ఆ ఫిల్మ్ మీదే వెలుతురుగా పడిపోతాయి. ఇక ఎవరూ వాటిని విడదీయలేరు.

ఇదే పని పెళ్లి కెమెరాతో చేయడానికి మార్కాపురంలో సామగ్రికి కొదవలేదు. ఇది పలకల ఊరు. చుట్టుపక్కల గనుల్లో పొరలుపొరలుగా విడివడే రాయి దొరుకుతుంది. యుగాల కిందటి బురద భూమి ఒత్తిడికి గట్టిపడి అలా తయారైంది. ఆ పలకల మీద తరతరాల తెలుగు పిల్లలు అఆలు దిద్దారు. పలక మీద బలపంతో తేదీ, ఊరు, ఫిల్మ్ పేరు, రీలు నంబరు రాసి మొదటి బొమ్మగా తీస్తే 36లో ఒకటి ఖర్చవుతుంది. మిగతా 35 బొమ్మలు ఎప్పటివో, ఎవరివో ఎన్నేళ్లకైనా తెలుస్తాయి.

నల్లమలలో ఇదే లెక్క

మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. అక్కడ పులులను లెక్కించేది చెట్లకు కట్టిన కెమెరాలతోనే. ఎదుట జంతువు కదిలితే కెమెరా తనంతట తానే ఫొటో తీస్తుంది. పులే తీగ తగిలి తన ఫొటో తాను తీసుకునే ఏర్పాటును శివాలిక్ అడవుల్లో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920ల్లోనే చేశారు. ఆ పద్ధతిని లెక్కల శాస్త్రంగా మలిచింది ఉల్లాస్ కారంత్. 1990ల్లో కర్ణాటకలోని నాగరహొళెలో ఫిల్మ్ కెమెరాలతో ఆయన చేసిన అధ్యయనం 1995లో అచ్చయింది.

ఒక్కో చోట ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడి పక్క, ఎడమ పక్క చారలు కూడా వేరు. రెండు పక్కలూ ఒకేసారి దొరికితేనే ఆ పులికి పూర్తి గుర్తింపు వస్తుంది. ఫిల్మ్ కాలంలో దీనర్థం ఏమిటో ఆలోచించండి. అడవిలో పదుల చోట్ల జతజతలుగా కెమెరాలు, ఒక్కోదాంట్లో 36 బొమ్మల రీలు. అన్నీ విప్పి తెచ్చాక ఏ డబ్బీ ఏ చెట్టు దగ్గరిది, కుడి కెమెరాదా ఎడమ కెమెరాదా అన్నది రాసి ఉండాలి. రెండు డబ్బీలు తారుమారైతే ఒక పులి కుడి పక్క ఇంకో పులి ఎడమ పక్కతో జతపడుతుంది.

దాని ఫలితం లెక్కలో ఎలా తేలుతుందో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మొదటి విడతలో 10 పులులు ఫొటోల్లో పడ్డాయి. రెండో విడతలోనూ 10 పడ్డాయి, వాటిలో 5 ముందు చూసినవే. పదిని పదితో గుణించి ఐదుతో భాగిస్తే అడవిలో సుమారు 20 పులులున్నాయని అంచనా. గుర్తింపు తప్పి, ముందు చూసిన పులి ఒకటి కొత్తదిగా కనిపిస్తే ఐదు కాస్తా నాలుగవుతుంది. అంచనా 25కు పెరుగుతుంది. డబ్బీ మీద రాయాల్సిన ఒక్క మాట రాయకపోతే లేని పులులు ఐదు కాగితం మీద పుట్టుకొస్తాయి. వాటిని నమ్మి తీసుకునే నిర్ణయాలు ఉన్న పులులకు చేటు చేస్తాయి.

ఇప్పుడు అడవిలో ఫిల్మ్ లేదు. 2018-19 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల డిజిటల్ కెమెరాలు పెట్టారు. వాటిలో దాదాపు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు పడితే, పులులవి 76,651. 1995లో జపాన్‌లో రూపొందిన ఎగ్జిఫ్ అనే ఏర్పాటు వల్ల ప్రతి డిజిటల్ ఫొటోలోనూ తేదీ, సమయం, కెమెరా వివరాలు దానంతటవే చేరతాయి. సమాచారం బొమ్మతోపాటే ఉండాలన్న వందేళ్ల కోరిక అలా తీరింది. అయినా కెమెరా గడియారం తప్పుగా పెడితే తప్పు సమయమే ప్రతి ఫొటోలోనూ చేరుతుంది. రెండు మెమరీ కార్డులు తారుమారైతే చెట్లు తారుమారవుతాయి. అందుకే కెమెరా కట్టగానే ఆ చోటు నంబరు, తేదీ రాసిన బోర్డును దాని ముందు పట్టుకుని మొదటి ఫొటో తీయించడం ఈనాటికీ మంచి పద్ధతి. క్లాప్ బోర్డు చేసే పనే అది.

బీరువాలో రీలు దొరికితే

ఈ ప్రాంతంలో పాత స్టూడియోలు నడిపిన కుటుంబాల ఇళ్లలో, మామూలు ఇళ్లలోనూ కడగని రీళ్లు, రీలు ఉన్న కెమెరాలు ఇంకా ఉండే ఉంటాయి. వాటిలో ఎవరి పెళ్లో, ఎవరి అక్షరాభ్యాసమో, ఇప్పుడు లేని పెద్దవాళ్ల నవ్వో ఉండవచ్చు. అలాంటి కెమెరా చేతికొస్తే ముందుగా మూత తెరవకండి. వెనక్కి చుట్టే పిడిని మెల్లగా కదిపి బిగువుందేమో చూడండి. ఉంటే పూర్తిగా చుట్టాకే తెరవండి. డబ్బీ మీది పేరు, కడిగే పద్ధతి చదివి ఒక కాగితం మీద రాయండి. సీ-41 అని ఉంటే కలర్ నెగెటివ్ ల్యాబ్‌కు, ఈ-6 అని ఉంటే స్లైడ్లు కడిగేవారికి, బ్లాక్ అండ్ వైట్ అయితే చేత్తో కడిగేవారికి ఇవ్వాలి. ఏమీ తెలియకపోతే ఆ మాటే చెప్పి ఇవ్వండి. అనుభవం ఉన్నవారు ముందు చిన్న ముక్క కడిగి చూస్తారు. కోడాక్రోమ్ అని ఉంటే దాని రంగులు ఇక రావు. ఆ ఫిల్మును కడిగే చివరి ల్యాబు, అమెరికాలోని డ్వైన్స్ ఫొటో, 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోవడం ఆపేసింది. దాన్ని బ్లాక్ అండ్ వైట్‌గా కడిగితే నలుపు తెలుపు బొమ్మలు దక్కవచ్చు. ఇచ్చేదాకా రీలును ఎండ తగిలే గదిలో, ఇనుప బీరువాలో ఉంచకండి. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

కొత్తగా ఫిల్మ్ వైపు వస్తున్న కుర్రకారుకు నా సలహా ఒకటే. రీలు ఎక్కించిన చేత్తోనే, మూత వేసిన నిమిషంలోనే రాయండి. పేరు, వేగం, తేదీ అట్టముక్క మీద ఉండాలి, మొదటి బొమ్మలో పలక ఉండాలి. గుర్తుంటుందిలే అన్న ధీమా ఫొటోగ్రఫీలో ఎప్పుడూ చెల్లలేదు. రక్తపరీక్ష గొట్టానికైనా, పొలంలో తీసిన మట్టి సంచికైనా, అడవి నుంచి తెచ్చిన మెమరీ కార్డుకైనా నియమం ఇదే. లోపలున్నదాన్ని చూసి చెప్పలేని ప్రతిచోటా పైన రాసిందే ఆధారం. ఆ రాత సరిగా ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒక ముఖానికి పేరు దొరుకుతుంది, ఒక పులి ఒక్కసారే లెక్కకు వస్తుంది.